రెండు పంచాంగాల వసంతం: అత్తిమంజేరిపేట పరిసర పల్లెల ఉగాది, భారతం, తిరునాళ్ళు

పల్లిపట్టు, తిరుత్తణి ప్రాంతాల పల్లెల్లో కొత్త సంవత్సరం ఏటా రెండుసార్లు వస్తుంది. పేరు మాత్రం ఒక్కటే. 2025లో మార్చి 30వ తేదీ ఉగాదితో తెలుగు ఇళ్ళలో విశ్వావసు నామ సంవత్సరం ప్రవేశించింది. ఎదురింటి తమిళ కుటుంబానికి అదే విశ్వావసు ఏప్రిల్ 14న వచ్చింది. నడుమ పదిహేను రోజుల పాటు ఒకే వీధిలో ఒక గడపకు కొత్త ఏడు, మరొక గడపకు ఇంకా పాత క్రోధి.

అత్తిమంజేరిపేట వంటి ఊళ్ళలో ఇది ఎవరికీ వింతగా తోచదు. నేతపని మీద బ్రతికిన ఊరు ఇది. చేమగ్గాలు తగ్గి మరమగ్గాలు పెరిగినా మగ్గం చప్పుడు మాత్రం మారలేదు. తెలుగు, తమిళం రెండూ ఇంటి గుమ్మం దాటకుండానే వినబడతాయి. బడి, ఆసుపత్రి, తాలూకా కార్యాలయం, తిరుత్తణి రైలు ఇటువైపు. పెళ్ళి సంబంధాలు, మేనమామల ఇళ్ళు, మొక్కుబడి గుళ్ళలో సగం నగరి, పుత్తూరు, కార్వేటినగరం వైపు. ఫాల్గుణమాసం చివర మొదలై వైశాఖం దాకా సాగే వసంతకాలపు ఉత్సవాల్లో ఏది ఏనాడు పడుతుందో, దేనికి ఎప్పుడు బయలుదేరాలో రెండు పంచాంగాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే గాని తేలదు.

తేదీలు జరిగే తీరు

తెలుగువారిది చాంద్రమానం. చంద్రుని గతిని బట్టి నెల, అమావాస్య మరునాటి పాడ్యమి నుంచి కొత్త నెల. తమిళులది సౌరమానం. సూర్యుడు మేషరాశిలో ప్రవేశించిన రోజు చిత్తిరై మొదటి తేదీ. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే సుమారు 354 రోజులు. సౌర సంవత్సరానికి 365 రోజులు. ఏటా పదకొండు రోజుల చొప్పున ఉగాది వెనక్కు జరుగుతూ పోతుంది. ఆ వెనుకబాటు ఒక నెలకు చేరువైనప్పుడు అధికమాసం వచ్చి లెక్కను సరిదిద్దుతుంది. పందొమ్మిదేండ్లలో ఇట్టి అధికమాసాలు ఏడు.

అందువల్లనే 2024లో ఏప్రిల్ 9న వచ్చిన ఉగాది 2025లో మార్చి 30కి, 2026లో మార్చి 19కి జరిగింది. 2026లో అధిక జ్యేష్ఠం ఉన్నందున 2027 ఉగాది తిరిగి ఏప్రిల్ 7కు చేరుతుంది. తమిళ సంవత్సరాది మాత్రం ఏప్రిల్ 14ను అంటిపెట్టుకొని ఉంటుంది. రెండు పండుగల నడుమ ఎడం 2024లో అయిదు రోజులైతే, 2026లో ఇరవై ఆరు రోజులు.

ఇంత వరకు తేలికే. చిక్కు వచ్చేది పౌర్ణమి ఉత్సవాల దగ్గర. తిరుత్తణి కొండకు కావళ్ళు మోసే పంగుని ఉత్తిరం తమిళ పంగుని నెలలో ఉత్తరా నక్షత్రం నాటి పండుగ. 2024లో అది మార్చి 25న, అంటే ఉగాదికి ముందు, ఫాల్గుణ పౌర్ణమినాడు వచ్చింది. 2025లో ఏప్రిల్ 11న, ఉగాది వెళ్ళిన పన్నెండు రోజులకు వచ్చింది. ఒక ఏడు ఉగాదికి ముందు కావడి ఎత్తిన కుటుంబం మరొక ఏడు ఉగాది తరువాత ఎత్తవలసి రావడానికి కారణం ఇదే. చిత్రా పౌర్ణమి సంగతీ అంతే. 2024 ఏప్రిల్ 23న ఇరువర్గాలకూ అది చైత్ర పౌర్ణమే. 2025 మే 12న వచ్చిన చిత్రా పౌర్ణమి తెలుగు లెక్కకు వైశాఖ పౌర్ణమి. ఆ ఏడు “చైత్ర పౌర్ణమికి రండి” అని నగరి వైపు చుట్టాలకు కబురంపితే వారు నెల ముందుగానే వచ్చి కూర్చుంటారు. ఇంగ్లీషు తేదీ కూడా చెప్పి పిలవడం ఈ ప్రాంతంలో మర్యాదే కాదు, అవసరం కూడా.

తమిళ సంవత్సరాదికీ ఒకసారి స్థానచలనం కలిగింది. పొంగల్ పండుగనాటి తై మొదటి తేదీయే సంవత్సరాది అని 2008లో తమిళనాడు శాసనసభ చట్టం చేసింది. 2011లో ప్రభుత్వం మారాక ఆ చట్టం రద్దయి చిత్తిరై మొదటి తేదీకే పండుగ తిరిగి వచ్చింది. ఆ కొన్నేళ్ళూ గోడమీది రోజువారీ క్యాలెండరు ఒకటి చెబితే వంటిల్లు మరొకటి చెప్పింది.

కొత్త అమావాస్య, ఉగాది

ఫాల్గుణ బహుళ అమావాస్యను పెద్దలు కొత్త అమావాస్య అంటారు. ఇల్లు కడిగి, గడపలకు పసుపు పూసి, ఉగాదికి కావలసినవన్నీ సిద్ధం చేసుకునేది ఆనాడే. మరునాడు తలంటు, మామిడాకు తోరణం, వేపపూత పచ్చడి. కొత్త చింతపండు, కొత్త బెల్లం, లేత మామిడి ముక్క, వేపపూత, ఉప్పు, కారం కలిసిన ఈ పచ్చడికి తమిళ ఇళ్ళలోనూ బంధువు ఉంది. చిత్తిరై మొదటి నాడు వారు వండే మామిడికాయ పచ్చడిలో బెల్లమూ, వేపపువ్వూ తప్పవు. ఒకరు పచ్చిగా కలుపుతారు, మరొకరు పొయ్యిమీద ఉడికిస్తారు. భేదం అంతమాత్రమే. పోళీలని పిలిచినా, బొబ్బట్లని పిలిచినా ఆనాటి భక్ష్యం ఒకటే. తమిళనాడు ప్రభుత్వ సెలవుల జాబితాలో తెలుగు సంవత్సరాది ఉన్నందున బడిపిల్లలు కూడా ఆనాడు ఇంటిపట్టున ఉంటారు.

ఉగాది సాయంత్రం గుడి మంటపంలో పంచాంగ శ్రవణం జరుగుతుంది. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అనే అయిదు అంగాలతో మొదలై ఆ ఏటి నవనాయకులు, వానలు, పంటలు, రాశుల వారీగా ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాల దాకా చదివి వినిపిస్తారు. ఉగాది ఏ వారమైతే ఆ గ్రహం ఆ ఏటికి రాజు. 2025లో ఆదివారం కనుక సూర్యుడు రాజయ్యాడు. ఎండలు మెండు అన్న మాటకు ఎవరూ ఆశ్చర్యపోలేదు.

ఈ శ్రవణానికి సరిహద్దు పల్లెల్లో మరొక విలువ ఉంది. 2006 నాటి తమిళ భాషాభ్యసన చట్టం ప్రకారం 2006-07లో ఒకటవ తరగతితో మొదలుపెట్టి ఏటేటా ఒక్కొక్క తరగతి చొప్పున తమిళం తప్పనిసరి పాఠ్యభాష అయింది. 2015-16 నాటికి అది పదవ తరగతికి చేరింది. భాషా అల్పసంఖ్యాక విద్యార్థులు కొందరు న్యాయస్థానాలకు వెళ్ళి మినహాయింపులు పొందారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మినహాయింపును మరో ఏడాది పొడిగించింది. తమిళం నేర్చుకోవడంలో నష్టం ఏమీ లేదు. అన్నం పెట్టే భాష అది. అయితే ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు అక్షరం చదవలేని తరం ఒకటి ఎదిగింది. వారి చేతికి తెలుగు పంచాంగం ఇస్తే బొమ్మ చూసి పక్కన పెడతారు. గట్టిగా చదివి వినిపిస్తే మాత్రం మాట మాటకూ అర్థం తెలుస్తుంది. కనుక పంచాంగ శ్రవణం ఇక్కడ వేడుక మాత్రమే కాదు. అచ్చు తెలుగును చెవితో అందుకునే రోజు అది. చదివే పెద్దాయన ఒక్కొక్క రాశికి ఒక పిల్లను లేపి, తన వెంట చదివిస్తే ఆ రోజుకు మరింత సార్థకత.

ఉగాదికీ ఈ తాలూకాల చరిత్రకూ ఒక ముడి ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు తిరుత్తణి, పల్లిపట్టు ప్రాంతాలు చిత్తూరు జిల్లాలో ఉన్నాయి. తమిళ ప్రాంతాల కోసం మ.పొ. శివజ్ఞానం నాయకత్వాన ఉత్తర సరిహద్దు ఉద్యమం సాగింది. హెచ్.వి. పటాస్కర్ మధ్యవర్తిత్వం ఆధారంగా 1959లో పార్లమెంటు సరిహద్దుల మార్పు చట్టం చేసింది. 1960 ఏప్రిల్ 1న అది అమలులోకి వచ్చి, చిత్తూరు జిల్లాలోని మూడు వందలకు పైగా గ్రామాలు మద్రాసు రాష్ట్రానికి, సత్యవేడు వైపు గ్రామాలతో కలిపి నూట యాభైకి పైగా ఆంధ్రప్రదేశ్‌కు మారాయి. ఆ ఏటి శార్వరి ఉగాది మార్చి 28న. పచ్చడి తిన్న నాలుగో రోజుకు పల్లెలు రాష్ట్రం మారాయి. ఆ తరువాత చెంగల్పట్టు జిల్లాలో ఉండి, 1997 జనవరి 1 నుంచి తిరువళ్ళూరు జిల్లాలోకి వచ్చాయి.

అరవై ఏండ్ల చక్రం తిరిగి శార్వరి మళ్ళీ వచ్చింది 2020 మార్చి 25న. కరోనా కారణంగా దేశమంతా తలుపులు మూసుకున్న మొదటి రోజు కూడా అదే. ఆ వసంతంలో పంచాంగ శ్రవణం లేదు, కావళ్ళు లేవు, భారతం లేదు. రాష్ట్రం మారిన ఏడు కూడా ఆగని రాకపోకలు ఆ ఏడు ఆగిపోయాయి. నగరి దారిలో కావలి నిలిచి, అటు కూతురు, ఇటు తల్లి ఫోనులోనే పండుగ చెప్పుకున్నారు.

శ్రీరామనవమికి పానకం, వడపప్పు, నీళ్ళ మజ్జిగ పంచడం రెండు భాషలవారికీ ఉమ్మడి. ఆనాడు పందిరి వేసి భజన చేయని వీధి అరుదు.

భారతం: ఊరంతా నడిపే పద్దెనిమిది రోజులు

ఈ ప్రాంతపు వసంతోత్సవాల్లో పెద్దది భారతం. ద్రౌపదమ్మ గుడినే ధర్మరాజుల గుడి అని తెలుగువారు పిలుస్తారు. తిరుత్తణి, పల్లిపట్టు ప్రాంతాలలోనూ, చిత్తూరు సీమలోనూ, దక్షిణాన ఆర్కాటు, సెంజి దాకానూ వ్యాపించిన ఆరాధన ఇది. సెంజి ప్రాంతాన్ని కేంద్రంగా తీసుకొని అమెరికా పండితుడు ఆల్ఫ్ హిల్టెబైటెల్ ద్రౌపది ఆరాధనపై 1988లో ఒకటి, 1991లో ఒకటిగా రెండు పెద్ద సంపుటాలు వెలువరించాడు. బెంగుళూరులో చైత్ర పౌర్ణమికి జరిగే కరగ ఉత్సవం కూడా ధర్మరాయని గుడి నుంచి బయలుదేరేదే. వలస వెళ్ళినవారు ఈ మొక్కును సముద్రాలు దాటించారు. 1827లో వెలసిన సింగపూరు మారియమ్మన్ గుడిలో నేటికీ ఏటా నిప్పులు తొక్కుతారు. అయితే అక్కడ అది ఐప్పసి నెలలో, మన దీపావళి రోజులకు ముందు.

మన పల్లెల్లో అధికభాగం భారతాలు ఎండాకాలంలోనే జరగడానికి కారణాలు స్పష్టం. పొలంలో పని తక్కువ. బడికి సెలవులు. ఆరుబయట పద్దెనిమిది రాత్రులు ఆడడానికి వాన భయం లేదు. పక్కపక్క ఊళ్ళవారు మాట్లాడుకొని తేదీలు ముందు వెనుకలుగా పెట్టుకుంటారు. నాటకం మేళం ఒక్కటే నాలుగు ఊళ్ళు తిరగాలి. చుట్టాలూ అంతే.

ఉత్సవం ధ్వజారోహణంతో మొదలవుతుంది. అమ్మవారికీ, గుండం తొక్కేవారికీ కంకణం కడతారు. దీనినే ఇక్కడ కాపు కట్టడం అంటారు. కాపు కట్టిన పిమ్మట ఊరివారు రాత్రిళ్ళు పొరుగూరిలో నిద్ర చేయరాదన్నది కట్టుబాటు. అందుకే ఆంధ్ర వైపు ఇచ్చిన ఆడపిల్లలను కాపుకు ముందే పిలిపించుకుంటారు. గుడి ముందు కాపలాగా నిలిచే పోతురాజుకు తొలిపూజ. ఖర్చు ఇంటింటి చందాతో, మొక్కుబడులతో గడుస్తుంది. చందా ఇచ్చిన ప్రతి ఇల్లూ ఉత్సవానికి హక్కుదారే. ఈ లెక్కను గుడి గోడమీద రాసి పెట్టే ఊళ్ళలో తగవులు తక్కువ.

పగటిపూట కథ, రాత్రిపూట నాటకం. మధ్యాహ్నం ఎండ వాలాక గుడి ముందు పందిరిలో కథకుడు భారతం చెబుతాడు. తమిళ కథకులు పదిహేనవ శతాబ్ది నాటి విల్లిపుత్తూరార్ తమిళ భారతాన్ని ఆధారం చేసుకుంటారు. తెలుగు హరికథకులకు నన్నయ, తిక్కన, ఎఱ్ఱనల భారతం మూలధనం. పగలు ఏ ఘట్టం చెప్పారో రాత్రి దాదాపు అదే ఘట్టం వీధినాటకంగా ఆడతారు. చెక్కతో చేసి అద్దాలు పొదిగిన కిరీటాలు, భుజకీర్తులు, గజ్జెలు, మద్దెల, తాళాలు, ముఖవీణ, హార్మోనియం. వేషగాడు తెర వెనుక నుంచే తన పేరు, ఊరు, పరాక్రమం పాడుకుంటూ ప్రవేశిస్తాడు. నడుమ హాస్యగాడు వచ్చి దేవతలనూ, దొరలనూ, ఎదుట కూర్చున్న పెద్దమనుషులనూ ఒకే తక్కెడలో తూచి పోతాడు.

అన్ని రాత్రుల్లోనూ జనం ఒకే రీతిగా ఉండరు. కొన్ని ఘట్టాలకు ఊరు ఊరంతా కదులుతుంది. బకాసుర వధ నాడు భీముని వేషగాడు బండి ఎక్కి వీధులన్నీ తిరుగుతాడు. ప్రతి ఇంటివారూ అన్నం, పిండివంటలు తెచ్చి బండిలో వేస్తారు. పిల్లలకు ఇంతకు మించిన పండుగ లేదు. ద్రౌపదీ కల్యాణానికి పసుపు కుంకుమలు, తాళిబొట్టు పంచుతారు. వస్త్రాపహరణం రాత్రి ఆడవారు కంటతడితో ఇంటికి పోతారు. అభిమన్యుని చావు నాడూ అంతే.

అర్జున తపస్సు పగటి వేడుక. గుడి ఎదుట మైదానంలో, అంటే భారతం మిట్ట మీద, పొడవైన మాను నాటుతారు. దానినే తపసు మాను అంటారు. అర్జునుని వేషగాడు ఒక్కొక్క మెట్టు దగ్గర ఆగి పద్యమో పాటో అందుకుంటూ కొస దాకా ఎక్కి, అక్కడి నుంచి నిమ్మపండ్లు, విభూతి, పూలు విసురుతాడు. సంతానం కోరే స్త్రీలు తడిబట్టలతో మాను చుట్టూ ఉండి వాటిని కొంగులో పట్టుకుంటారు. పాశుపతాస్త్రం కోసం అర్జునుడు చేసిన తపస్సు ఇక్కడ బిడ్డ కోసం తల్లి చేసే తపస్సుగా మారింది. ఏ భారతం పుస్తకంలోనూ లేని ఈ మార్పు ఊరు చేసుకున్నది.

పద్దెనిమిదవ నాడు దుర్యోధన వధ. భారతం మిట్ట మీద మట్టితో దుర్యోధనుని బొమ్మను వెల్లకిలా పడుకోబెట్టి చేస్తారు. మనిషి దాని పొట్టమీద నిలబడితే చిన్న పిల్లవాడిలా కనిపిస్తాడు, అంత పెద్దది. తెల్లవారాక భీమ దుర్యోధనుల వేషగాళ్ళు గదలతో ఆ బొమ్మ చుట్టూ, బొమ్మ మీదా పరుగులు తీస్తారు. తొడ దగ్గర దాచిన ఎర్రనీళ్ళ కుండను భీముడు పగలగొట్టడంతో పోరు ముగుస్తుంది. అప్పటిదాకా విరబోసుకొని ఉన్న ద్రౌపది జుట్టు ముడి వేస్తారు. ఆ బొమ్మ మట్టిని పిడికెడు తీసుకుపోయి పొలంలోనో, ధాన్యం గాదెలోనో వేసుకునేవారున్నారు.

ఆ సాయంత్రమే తీమితి, అగ్నిగుండ ప్రవేశం. ఉదయం నుంచి కట్టెలు కాల్చి, కణకణలాడే నిప్పులను గుండంలో సమంగా పరుస్తారు. కంకణం కట్టుకొని నియమంతో ఉన్నవారు చెరువులోనో బావి దగ్గరో స్నానం చేసి, పసుపు బట్టలతో, వేపమండలు చేతబట్టి, కరగం వెంట వచ్చి ఒకరి వెనుక ఒకరు నిప్పుల మీదుగా నడుస్తారు. మరునాడు ధర్మరాజు పట్టాభిషేకంతో ధ్వజం దిగుతుంది. ఊరు ఒక్కసారిగా బోసిపోతుంది.

ఈ ఉత్సవానికి ఇప్పుడు ఎదురవుతున్న చిక్కులు రెండు. ఒకటి చట్టానికి సంబంధించినది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకు వాడరాదు. పండుగ సందర్భాల్లో ఏడాదికి పదిహేను రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. తెల్లవార్లూ ఆడవలసిన నాటకానికి ఇది చాలదు. మైకు లేని రోజుల్లో మేళగాళ్ళు గొంతుతోనే వేయిమందికి వినిపించేవారు. ఆ సాధన ఉన్న గొంతులు ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. వారికోసం మైకు కట్టేసిన ఘట్టాలు రెండైనా ఉంచుకోవడం చెడ్డ ఆలోచన కాదు.

రెండవది భాష. కథకుడు చెప్పేది అర్థమయ్యే చెవులు ఎదుట ఉండాలి. తెలుగు హరికథకు ముసలివారు మాత్రమే కూర్చుంటే, మరుసటి ఏడు కమిటీవారు తమిళ కథకునికే తాంబూలం ఇస్తారు. తప్పు పట్టవలసినది ఏమీ లేదు. ద్రౌపదమ్మకు రెండు భాషలూ వచ్చు. కాని తెలుగు కథ ఒకసారి ఆగితే మళ్ళీ మొదలుపెట్టడం కష్టం. కథకుడు వేరే ఊరు చూసుకుంటాడు, ఆ పద్యాలు ఎరిగిన తాళగాడు మగ్గం పనికి పోతాడు. పద్దెనిమిది పగళ్ళలో తొమ్మిది ఒక భాషకు, తొమ్మిది మరొక భాషకు పంచుకోవడం సాధ్యమే. వస్త్రాపహరణం, రాయబారం, అభిమన్యుడు వంటి ఘట్టాలను ఎవరు చెప్పాలన్నది మాత్రం ముందే తేల్చుకోవాలి. వాటికోసం ఇరువైపులా పట్టుబడతారు.

జాగ్రత్తలు

గుండం దాటేవారిలో పసిబిడ్డలను ఎత్తుకొని నడిచేవారున్నారు. మొక్కు పెద్దవారిది, కాలు తడబడితే ప్రమాదం బిడ్డకు. ఈ మొక్కును ప్రదక్షిణగానో, బిడ్డ ఎత్తు బెల్లంగానో మార్చి చెల్లించుకోవడమే మేలు. గుండం రెండు కొసలా నీళ్ళు, మంచాలు, ప్రథమ చికిత్స ఉండాలి.

2023 జనవరిలో అరక్కోణం సమీపంలోని కీళ్‌వీది గ్రామంలో మండియమ్మన్, ద్రౌపది అమ్మన్ గుడి ఉత్సవంలో క్రేను కూలి నలుగురు మరణించారు. అంతకుముందు 2022 ఏప్రిల్ 27న తంజావూరు దగ్గర కళిమేడులో రథానికి కరెంటు తీగ తగిలి పదకొండుమంది చనిపోయారు. తపసు మానుకైనా, రథానికైనా, అమ్మవారి పూలపల్లకికైనా తీగల ఎత్తును ముందే కొలిపించి, ఆ పూటకు విద్యుత్తు ఆపించుకోవడం కమిటీ మొదటి పని. క్రేను, జనరేటరు బండి ఊరేగింపులో ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది.

ఒక పూట ప్రయాణాలు

దగ్గరలోనిది తిరుత్తణి. ఆరుపడై వీడులలో ఒకటైన ఈ కొండకు 365 మెట్లు. ఆడికృత్తిక జనం అందరికీ తెలిసినదే. వసంతంలో పంగుని ఉత్తిరమూ, చిత్తిరై నెలలో జరిగే బ్రహ్మోత్సవమూ ముఖ్యం. మాసి నెల బ్రహ్మోత్సవంలో వల్లీ కల్యాణం, చిత్తిరై బ్రహ్మోత్సవంలో దేవసేనా కల్యాణం జరుగుతాయి. ముసలివారితో వెళ్ళేవారు తెల్లవారకముందే కొండ చేరితే ఎండ తప్పుతుంది.

ఆంధ్ర వైపు నాగలాపురంలోని వేదనారాయణస్వామి గుడి మార్చి నెలాఖరులో చూడదగినది. శ్రీకృష్ణదేవరాయలు తన తల్లి నాగలాదేవి పేర వెలయించిన ఊరు ఇది. దేవుడు మత్స్యావతారమూర్తి. సూర్యపూజ రోజుల్లో అస్తమించే సూర్యుని కిరణాలు గోపురద్వారం గుండా గర్భాలయంలోకి సాగి, తొలినాడు స్వామి పాదాలను, మరునాడు నాభిని, మూడవనాడు నుదుటిని తాకుతాయి. ఇది సూర్యుని స్థానాన్ని బట్టి జరిగేది కనుక ఉగాది ముందుకు జరిగినా వెనుకకు జరిగినా దీని తేదీ పెద్దగా మారదు. మబ్బు పట్టిన సాయంత్రం వెళ్ళినవారికి నిరాశే. పిల్లలకు సౌరమానం, చాంద్రమానం భేదం బోధించాలంటే ఈ గుడికి మించిన బడి లేదు.

షోలింగూరు యోగనరసింహుని కొండకు సుమారు 1,300 మెట్లు. మోకాళ్ళ నొప్పులవారికి 2024లో ప్రారంభమైన రోప్‌వే పెద్ద ఊరట. పుత్తూరు, నారాయణవనం వైపు కైలాసకోన జలపాతం ఎండాకాలంలోనూ ఎండదు. అందుకే ఏప్రిల్ సెలవుల్లో అక్కడ రద్దీ. పద్మావతీ శ్రీనివాసుల కల్యాణం జరిగిన చోటుగా చెప్పే నారాయణవనం దారిలోనే ఉంది గనుక రెండూ కలిపి ఒక పూటలో చూడవచ్చు. పల్లిపట్టు సీమ ఒకప్పుడు కార్వేటినగరం జమీలోనిది. పాత సంబంధం తెలుసుకోదలచినవారు అక్కడి వేణుగోపాలస్వామి గుడికి ఒకసారి పోయి రావాలి.

మే నెలలో తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం వరుసగా నడుస్తాయి. మగవారు చీర కట్టి మొక్కు తీర్చుకోవడం అక్కడి విశేషం. పిల్లలను తీసుకుపోయేవారు చివరి రోజుల రద్దీకి బదులు తొలి వేషాల నాడే వెళ్ళి రావడం సుఖం. పల్లెల్లో కూడా ఆ రోజుల్లోనే గంగమ్మకు పొంగళ్ళు, అంబలి.

ఈ ప్రయాణాలన్నీ మే మొదటి వారానికి ముందే ముగించుకోవడం మేలు. తమిళులు కత్తిరి అనీ, తెలుగువారు కర్తరి అనీ పిలిచే మండుటెండలు మే 4 ప్రాంతంలో మొదలై 28 దాకా ఉంటాయి. సూర్యుడు భరణి, కృత్తిక, రోహిణి నక్షత్రాల్లో సంచరించే కాలం కనుక ఇది ఇరువురికీ ఒకే తేదీల్లో వస్తుంది. ఆ రోజుల్లో ఇంటికి ముహూర్తం పెట్టరు, మట్టి తవ్వరు, దూలం ఎత్తరు. రెండు పంచాంగాలూ పేచీ లేకుండా ఒప్పుకునేది ఈ ఒక్క ఎండ విషయమే.